కుక్కర్ గాస్కెట్‌కి ఇచ్చే విలువ కారు వాల్వుకి ఇవ్వరేం?

మన ఇళ్ళల్లో ఒక విచిత్రమైన న్యాయం నడుస్తూ ఉంటుంది. వంటింట్లో ఏదైనా మొరాయిస్తే అందులో ఏ ముక్క పోయిందో వెతికి ఆ ముక్క మారుస్తాం. వాకిట్లో ఉన్న కారు మొరాయిస్తే మాత్రం రెండే దారులు. ఒకటి, "ఏం కాదులే, నడుస్తోందిగా" అని వదిలెయ్యడం. రెండోది, షాపువాడు ఎంత చెబితే అంత పెట్టి మొత్తం మార్పించెయ్యడం. మధ్యలో ఇంకో దారి ఉంటుందని మగవాళ్ళకి ఎందుకో తోచదు.

కుక్కర్ సంగతే చూడండి. విజిల్ రాకుండా పక్కల నుంచి ఆవిరి కారిపోతోందంటే, నిన్న మొన్న కాపురానికొచ్చిన అమ్మాయి కూడా చెప్పేస్తుంది, గాస్కెట్ సాగిపోయిందని. బజారుకెళ్ళి అదే కంపెనీది, అదే సైజుది అడిగి మరీ తెచ్చుకుంటాం. సేఫ్టీ వాల్వు కరిగిపోతే అక్కడ మేకో, గుడ్డ పీలికో పెట్టి నెట్టుకురాం. గాస్కెట్ పోయిందని కుక్కర్ పారెయ్యం. విజిల్ సరిగ్గా రావడం లేదని విజిల్‌ని తిట్టుకోం. ఇవి మనకి ఎవరూ తరగతి పెట్టి నేర్పలేదు. ఆవిరితో పని కాబట్టి, పక్కనే పిల్లలు తిరుగుతుంటారు కాబట్టి నేర్చుకున్నాం.

కారు చక్రంలోనూ ఉన్నది అదే కదండీ. బిగించి పెట్టిన గాలి, దాన్ని ఆపే ఒక వాల్వు, ఆ వాల్వు మొదట్లో ఒక చిన్న రబ్బరు. దానికి మాత్రం మనింట్లో ఎవరూ లెక్క కట్టరు.

ఈ మధ్య కార్లలో డ్యాష్‌బోర్డు మీద ఒక పసుపు లైటు వస్తోంది. గుర్రపు నాడాలాగా ఉంటుంది, మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తు. టైరులో గాలి తగ్గింది చూసుకోమని దాని అర్థం. చిన్న తిరుపతి వెళ్ళే కార్లలో, పెళ్ళిళ్ళకి వెళ్ళే కార్లలో, మా చుట్టాల కార్లలో ఎక్కడ ఆ లైటు కనపడినా నేను ఊరుకోను, అడుగుతాను. అందరిదీ ఒకటే జవాబు. "అది ఎప్పుడూ అలాగే వెలుగుతుందండీ, సెన్సార్ ప్రాబ్లం." ఒకాయనైతే దాని మీద చిన్న దేవుడి స్టిక్కర్ అంటించేశారు, కళ్ళకి అడ్డం రాకుండా. నా తగువంతా ఆ మాటతోనే, ఆ స్టిక్కర్‌తోనే.

ముందు ఆ లైటు వెనక ఏముందో చెప్పుకుందాం, లేకపోతే నా కోపం అర్థం కాదు.

గాలి వత్తిడి చెప్పే ఏర్పాటుని షాపుల్లో టీపీఎంఎస్ అంటారు. ఇది రెండు రకాలు. ఒక రకంలో చక్రంలో సెన్సార్ అంటూ ఏమీ ఉండదు. బ్రేకుల కోసం ప్రతి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కారు ఎలాగూ లెక్క పెడుతుంది. గాలి తగ్గిన చక్రం కాస్త చిన్నదై మిగతా వాటికంటే ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఆ తేడా పట్టుకుని లైటు వేస్తుంది. ఇలాంటి కారుకి గాలి సరిచేయించాక రీసెట్ బటన్ నొక్కాలి, లేదా స్క్రీన్‌లో ఆ మెనూలోకి వెళ్ళాలి. నొక్కకపోతే పాత లెక్కే పట్టుకుని కూర్చుంటుంది. ఇలాంటి కారుకి "సెన్సార్ మార్చాలి మేడమ్" అని ఎవరైనా వాల్వు వైపు వేలు చూపిస్తే అక్కడి నుంచి వచ్చెయ్యండి. అక్కడ మార్చడానికేమీ లేదు.

రెండో రకంలో నిజంగానే ప్రతి చక్రం లోపలా ఒక సెన్సార్ ఉంటుంది. అగ్గిపెట్టె కంటే చిన్నది. మనం గాలి కొట్టించుకునే వాల్వు ఉంటుంది కదా, దాని లోపలి కొసకి బిగించి ఉంటుంది. టైరు తీస్తే తప్ప కనపడదు. లోపలి వత్తిడి కొలిచి రేడియోలాగా కారుకి పంపిస్తుంది. డ్యాష్‌బోర్డు మీద ఒక్కో టైరుకీ విడివిడిగా 33, 32 అని అంకెలు కనపడుతుంటే మీది ఈ రకమే అనుకోవచ్చు. దీని బ్యాటరీ లోపలే సీలు వేసి ఉంటుంది. సుమారుగా 5 నుంచి 10 ఏళ్ళు వస్తుంది. అది అయిపోతే సెన్సార్ మొత్తం మార్చాల్సిందే, అందులో వాదన లేదు.

కానీ సెన్సార్ వేరు, దాన్ని రిమ్ముకి పట్టి ఉంచే సామాను వేరు. ఈ తేడా దగ్గరే మన డబ్బూ పోతోంది, ప్రాణం మీదకీ వస్తోంది. వాల్వు లోహంది అయితే దాని మొదట్లో ఒక రబ్బరు ఉంగరం, ఒక వాషరు, బయట ఒక నట్టు, లోపల వాల్ పిన్ను, పైన మూత ఉంటాయి. ఇవన్నీ కలిపి ఒక కిట్‌గా దొరుకుతాయి. వాల్వే రబ్బరుదైతే చాలా రకాలకి ఆ రబ్బరు కాడ ఒక్కటే విడిగా దొరుకుతుంది, ఒక స్క్రూ విప్పి పాత సెన్సార్‌కే కొత్త కాడ బిగిస్తారు. టైరు మార్చిన ప్రతిసారీ ఈ సామాను కొత్తది వెయ్యాలి. ఎందుకంటారా? ఆ రబ్బరు ఉంగరం ఒకసారి నట్టు కింద నలిగితే ఆ నలుగుడు ఆకారంలోనే గట్టిపడిపోతుంది. ఏళ్ళ తరబడి ఎండకీ, బ్రేకుల వేడికీ ఎండిపోతుంది. దాన్ని విప్పి మళ్ళీ అక్కడే బిగిస్తే ముందు కూర్చున్నట్టు కూర్చోదు. సాగిపోయిన గాస్కెట్ తిరగేసి పెడితే రెండు రోజులు విజిల్ వస్తుంది, మూడో రోజు మళ్ళీ మొదలు. ఇదీ అంతే.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా మామయ్యగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్. చింతలపూడి నుంచి ధర్మాజీగూడెం మీదుగా ఏలూరు వెళ్ళి రావాలి. గంట పైన ప్రయాణం అటు, మళ్ళీ నీరసంతో ఒరిగిపోయిన మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టుకుని ఇటు. కాబట్టి ఆ కారు మాకు షోకు వస్తువు కాదు. మందుల డబ్బా ఎలాంటిదో అదీ అలాంటిదే.

పోయినేడాది నాలుగు టైర్లూ అరిగిపోతే ఒక పెద్ద షాపులో మార్పించారు మావారు. బేరం బాగా చేశానని సంతోషంగా వచ్చారు. పది రోజులు గడిచేసరికి ఎడమ వైపు వెనక చక్రం అంకె 33 నుంచి 29కి దిగింది. గాలి కొట్టించారు. మళ్ళీ పది రోజులకి మళ్ళీ 29. "కొత్త టైర్లు కదా, సర్దుకుంటాయిలే" అన్నారు. కొత్త చెప్పులు సర్దుకుంటాయి గానీ గాలి సర్దుకోవడం నేనెక్కడా వినలేదు. మళ్ళీ ఆ షాపుకే వెళ్ళాం, ఈసారి నేనూ వెళ్ళాను.

అక్కడి కుర్రాడు కంప్యూటర్‌లాంటిది ఒకటి చక్రం దగ్గర పెట్టి చూసి, "సెన్సార్లు పోయాయి సార్, పాతవి కదా, నాలుగూ మార్చెయ్యాలి, పద్నాలుగు వేలవుద్ది" అన్నాడు. మావారు అప్పటికే పర్సు మీద చెయ్యి వేశారు. నేను ఒకటే అడిగాను. "బాబూ, నీ మీటరు పెట్టి ఆ టైరు గాలి చూడు, ఎంతుంది?" చూశాడు. 29. "కారులో ఎంత చూపిస్తోంది?" 29. "మరి పోయిన సెన్సార్ సరైన అంకె ఎలా చెబుతోంది నాయనా?" దానికి అతని దగ్గర జవాబు లేదు. "నీకెందుకు ఈ గొడవ" అని మావారు చెవిలో అన్నారు. వెనక సీట్లో పడుకునే మనిషికి అన్నం కలిపి పెట్టేది నేను కాబట్టి నాకే ఈ గొడవ అన్నాను.

ఇంటికొచ్చి మా ఊళ్ళో పంక్చర్లు వేసే పెద్దాయన దగ్గరకి తీసుకెళ్ళాం. ఆయన కంప్యూటర్ పెట్టలేదు. మగ్గులో సర్ఫ్ నీళ్ళు కలిపి వాల్వు మొదట్లో పోశారు. నట్టు చుట్టూ సన్నగా, ఆవగింజల్లాంటి బుడగలు మొదలయ్యాయి. "ఆయ్, టైరు మార్చారు గానీ రబ్బరు పాతదే ఏసేశారండమ్మా" అన్నారు. విప్పి చూపిస్తే ఆ ఉంగరం ఒక వైపు అణిగిపోయి, వేలితో నొక్కితే పెళుసుగా ఉంది. కిట్ మా ఊళ్ళో దొరకలేదు. విజయవాడ నుంచి తెప్పించాం. నాలుగు చక్రాలకీ కలిపి పద్నాలుగు వందలు. ఆ పాత సెన్సార్లే ఈ రోజుకీ చక్కగా అంకెలు చెబుతున్నాయి.

పద్నాలుగు వేలకీ పద్నాలుగు వందలకీ తేడా ఒక్క మగ్గు సర్ఫ్ నీళ్ళు. కానీ డబ్బు కంటే నన్ను మండించింది వేరే ఉంది. నిజం చెప్పిన వస్తువుని అబద్ధాలకోరుని చేశారు. ఇంట్లో ఆడవాళ్ళకి అది బాగా తెలిసిన అనుభవమే కాబట్టి నాకు ఇంకాస్త ఎక్కువ మండి ఉంటుంది.

ఇప్పుడు మీలో కొందరు అంటారు, "మా తాతలు ఏ సెన్సార్ పెట్టుకుని బండ్లు తోలారమ్మా?" అని. నిజమే, పెట్టుకోలేదు. కానీ వాళ్ళు ఏం చేసేవారో కూడా చెప్పండి. ఎడ్లబండి కట్టే ముందు ఇరుసుకి కందెన రాసేవారు. చక్రం జారిపోకుండా ఇరుసు చివర ఉండే చీల ఉందో లేదో చేత్తో తడిమి చూసేవారు. అరిగిన చీలతో బండి పొలిమేర దాటనిచ్చేవారు కాదు. వేలెడంత ఇనుప ముక్క మీద ఇంటిల్లిపాదీ ప్రయాణం ఆధారపడి ఉందని వాళ్ళకి తెలుసు. తాతల పేరు చెప్పి బద్ధకం కప్పిపుచ్చుకోకండి. వాళ్ళకి సెన్సార్ లేదు గానీ శ్రద్ధ ఉంది. మనకి సెన్సార్ ఉంది, దాని మీద స్టిక్కర్ ఉంది.

కొత్త కారు కొంటే మన వైపు ఏం చేస్తాం? గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి దగ్గరకో, ద్వారకా తిరుమలకో తీసుకెళ్ళి పూజ చేయిస్తాం. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. చెయ్యండి, నేనూ చేయించాను. స్వామి మీద భారం వేసినవాళ్ళు ఆయనకి కాస్త సాయం కూడా చెయ్యాలి కదా. నిమ్మకాయకి పెట్టిన శ్రద్ధలో సగం ఆ రబ్బరు ఉంగరానికి పెట్టమంటున్నాను.

ఈ లైటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే స్టిక్కర్ అంటించడానికి చెయ్యి రాదు. 2000 సంవత్సరంలో అమెరికాలో ఫైర్‌స్టోన్ టైర్ల గొడవ జరిగింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కార్లకి వేసిన ఆ టైర్ల పైపొర నడుస్తూ ఉండగానే ఊడిపోయి కార్లు పల్టీలు కొట్టాయి. 270 మందికి పైగా చనిపోయారని అక్కడి ప్రభుత్వం లెక్క. లక్షల టైర్లు వెనక్కి తీసుకున్నారు. ఆ ఏడాది నవంబరులోనే అక్కడ చట్టం తెచ్చారు. దాని ఫలితంగా 2007 సెప్టెంబరు నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త కారుకీ టైరు గాలి హెచ్చరిక తప్పనిసరి అయింది. అంటే ఆ పసుపు లైటు షోరూమ్ వాళ్ళు అలంకారానికి పెట్టింది కాదు. అన్ని ఇళ్ళల్లో మనుషులు పోయాక వెలిగిన దీపం అది.

మన దేశంలో దీని సంగతి వేరే దారిలో వచ్చింది, అది ఇంకా జాగ్రత్తగా వినాలి. 2020 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు మార్చింది. తొమ్మిది సీట్లు మించని, 3.5 టన్నుల లోపు కారుకి ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి వత్తిడి చెప్పే ఏర్పాటు, టైరు రిపేర్ కిట్ ఉంటే స్టెప్నీ ఇవ్వనక్కర్లేదు అని. ఆ అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది. అందుకే కొన్ని కొత్త కార్లలో డిక్కీ తెరిస్తే స్టెప్నీ ఉండదు. అర్థమైందా? వెనకటికి డిక్కీలో ఒక చక్రం మనకి ధైర్యం. ఇప్పుడు దాని ఉద్యోగం ఆ చిన్న లైటుకి ఇచ్చారు. స్టెప్నీ లేని కారులో లైటుని కూడా నమ్మం అంటే ఇక దేన్ని నమ్ముకుని రాత్రిపూట సత్తుపల్లి రోడ్డెక్కుతాం?

మన రోడ్ల సంగతి నేను చెప్పాలా? పామాయిల్ గెలల ట్రాక్టర్లు వెళ్ళిన దారిలో ముళ్ళు. రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్న పక్కన కాపలాకి పెట్టిన రాళ్ళు. కైకలూరు, ఆకివీడు వైపు వెళితే చేపల లారీలు కార్చుకుంటూ పోయే నీళ్ళు, చెరువు గట్ల మీద బురద. ఆ తడిలో, బురదలో మూత లేని వాల్వుతో తిరిగే కార్లు ఎన్నో. మూత పోతే పోయిందిలే అనుకుంటాం. మూత లేకపోతే ఇసుక వాల్ పిన్ను దగ్గర చేరుతుంది, గాలి కొట్టినప్పుడల్లా లోపలికి దిగుతుంది.

మూత పోయిందని కొందరు మెరిసే లోహపు మూతలు కొని పెడతారు, అందంగా ఉంటాయని. సెన్సార్ ఉన్న వాల్వు చాలా కార్లలో అల్యూమినియంది. దానికి మామూలు ఇత్తడి వాల్ పిన్నో, లోహపు మూతో పెట్టి తడిలో తిప్పితే రెండు లోహాలకీ పడదు. అల్యూమినియం తెల్లటి పొడిగా రాలి, ఆ మూత అక్కడే పట్టేసుకుంటుంది. అల్యూమినియం డబ్బాలో ఉప్పు పోసి నిల్వ ఉంచితే ఏమవుతుందో మనకి తెలియనిదా? అలాంటిదే. మూత పట్టుకుని తిప్పితే వాల్వే విరిగి చేతికొస్తుంది, దానితో బాగున్న సెన్సార్ కూడా పోతుంది. దీనికి నికెల్ పూత ఉన్న పిన్ను వెయ్యాలి, ప్లాస్టిక్ మూత పెట్టాలి. ఐదు రూపాయల ప్లాస్టిక్ మూతని చులకన చెయ్యకండి.

సెన్సార్ లేని పాత కార్లకి మూత స్థానంలో తిప్పి పెట్టే సెన్సార్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. మా తమ్ముడు కూడా ముచ్చటపడి కొన్నాడు. చెడ్డవని అనను గానీ ఒక సంగతి తెలుసుకుని పెట్టుకోండి. గాలి కొలవాలంటే అది వాల్ పిన్నుని ఎప్పుడూ నొక్కి పట్టి ఉంచాలి. అంటే అసలు తలుపు తెరిచి పెట్టి, బయట ఇంకో తలుపు వేసినట్టు. ఇక గాలిని ఆపేది ఆ సెన్సార్ లోపలి చిన్న రబ్బరే. పైగా మెత్తటి పొడుగు రబ్బరు వాల్వు చివర ఆ బరువు వేలాడుతూ వేగంగా తిరిగితే రబ్బరు మొదట్లో నలిగి చీలికలొస్తాయి. పెట్టుకునేవాళ్ళు ముందు వాల్వు లోహంది వేయించుకుని, ఆ తర్వాత పెట్టుకోండి.

ఇంకో ఉపకారం మన అమెరికా చుట్టాలు చేస్తుంటారు. "అక్కడ సెన్సార్లు చవక, వచ్చేటప్పుడు తెస్తాలే అక్కా" అని. అమెరికా కార్ల సెన్సార్లు ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడతాయి, యూరప్ తరహా కార్లవి 433 మీద. ఒకటి పంపేది ఇంకోటి వినదు. మన కారు పుస్తకంలో ఏముందో చూసి గానీ తెమ్మనకండి. లేకపోతే చాక్లెట్లే నయం.

షాపులవాళ్ళని మాత్రమే తిట్టి ఊరుకోను. నాలుగు టైర్ల మీద రెండు వేలు తగ్గించమని గంట సేపు బేరమాడే పెద్దమనిషి దగ్గర, ఆఖర్న "ఇంకో పద్నాలుగు వందలు రబ్బర్లకి" అనడానికి ఏ కుర్రాడికి నోరొస్తుంది? అన్నా, "వద్దులే, పాతవే వెయ్యి" అనేది ఎవరు? కొత్త రబ్బరు వేస్తే ఎవరికీ కనపడదు, చుట్టాలకి చూపించుకోలేం. అల్లాయ్ వీల్స్ మెరుపు కనపడుతుంది, సీటు కవర్లు కనపడతాయి. కనపడని దానికి పెట్టే డబ్బు దండగ అనుకునే ఇంటి పెద్దలున్నంత కాలం పాత రబ్బరే పడుతుంది. కానీ ఆ షాపు తప్పు కూడా అక్కడే ఉంది. చెప్పాలి. చెప్పి, వద్దంటే బిల్లు మీద రాయాలి. చెప్పకుండా పాతది వేసి, నెల తిరక్కుండా సెన్సార్లు పోయాయని పద్నాలుగు వేలు అడగడం వ్యాపారం అనిపించుకోదు.

ఇక ఎండాకాలం పాఠం ఒకటుంది, మావైపు ప్రతి ఇంట్లోనూ వినపడుతుంది. "ఎండలకి టైరు పేలుతుంది, గాలి కాస్త తగ్గించి కొట్టించు." పూర్తిగా తలకిందుల మాట. వేడికి వత్తిడి పెరిగే మాట నిజమే, సుమారుగా ప్రతి ఐదారు డిగ్రీలకి ఒక పీఎస్ఐ. ఆ పెరుగుదల లెక్క వేసుకునే కంపెనీవాళ్ళు డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కర్ మీద అంకె రాస్తారు. ఈ స్టిక్కర్ మటుకు మంచి స్టిక్కర్. గాలి తక్కువైతే టైరు పక్కలు ప్రతి చుట్టుకీ నలిగి నలిగి లోపల వేడెక్కుతుంది. అసలు పేలేది ఆ వేడికి. కాబట్టి పొద్దున్నే, బండి తియ్యకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు ఆ అంకెకి సరిగ్గా గాలి ఉండాలి, వేసవైనా సంక్రాంతైనా.

ఆ లైటు భాష కూడా కాస్త నేర్చుకోండి, కుక్కర్ విజిల్ భాష నేర్చుకున్నట్టే. కారు తియ్యగానే వెలిగి అలాగే నిలబడిపోతే ఏదో చక్రంలో గాలి తగ్గిందని. చాలా కార్లలో అది ముందు ఒక నిమిషం, నిమిషంన్నర మినుకుమినుకుమని, తర్వాత నిలబడితే ఏర్పాటులోనే లోపం ఉందని, సెన్సార్ బ్యాటరీ అయిపోయి ఉండొచ్చని. మీ కారు పుస్తకంలో ఒకసారి సరిచూసుకోండి. ఈ రెండిటికీ తేడా తెలిస్తే చాలు, ఎవరూ మిమ్మల్ని పద్నాలుగు వేలకి ముంచలేరు. ఇంకో మాట. అమెరికా నిబంధన ప్రకారమే లైటు వెలగడానికి గాలి పావు వంతు తగ్గే దాకా సమయముంది. 33 ఉండాల్సిన చోట 25 అయ్యేదాకా అన్నమాట. కాబట్టి వెలిగిందంటే అప్పటికే ఆలస్యమై ఉండొచ్చు. "రేపు చూద్దాం" అనే లైటు కాదది.

చివరగా, అక్కలూ చెల్లెళ్ళూ, మీతోనే చెబుతున్నాను. ఈసారి మీ ఇంటి కారుకి టైర్లు మార్చే రోజు మీరు కూడా వెళ్ళండి. కుర్చీ వేసుకుని అక్కడే కూర్చోండి. "నీకెందుకు" అంటే నవ్వి ఊరుకోండి, లేవకండి. టైరు ఊడదీసే ముందే "చక్రంలో సెన్సార్ ఉంది, చూసి తియ్యి బాబూ" అని చెప్పండి, మిషను తగిలి విరిగేవి చాలా ఉంటాయి. వాల్వు కిట్ కొత్తది వెయ్యమనండి. నట్టు బలం కొద్దీ బిగించకుండా కంపెనీ చెప్పినంతే, కొలిచే పానాతో బిగించమనండి. అయ్యాక సబ్బు నీళ్ళు పోసి చూపించమనండి. ఆఖరున, పాత రబ్బర్లు నాలుగూ మీ చేతిలో పెట్టమనండి. లెక్క సరిపోతేనే డబ్బులివ్వండి. రేషన్ షాపులో కాటా చూసి గానీ సంచి పట్టని మనకి ఇదేమంత పెద్ద పనండీ?